రక్తంలో లోపం, మెదడుకు భారం

ఉట్నూరు, జైనూరు, ఇంద్రవెల్లి చుట్టుపక్కల గోండు, కొలాం గూడేల్లో సికిల్ సెల్ వ్యాధి తరతరాలుగా ఉంది. రక్తహీనత, కామెర్లు, ఒళ్లంతా నొప్పులు దాని లక్షణాలని ఇప్పుడు చాలామందికి తెలుసు. అది జ్ఞాపకశక్తినీ, ఆలోచనావేగాన్నీ దెబ్బతీస్తుందని మాత్రం తెలిసినవారు తక్కువ.

తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా లోపమున్న జన్యువు అందినప్పుడే ఈ జబ్బు వస్తుంది. ఆక్సిజన్ తగ్గగానే ఎర్రరక్తకణం కొడవలిలా వంగి గట్టిపడుతుంది. మామూలు కణం 120 రోజులు బతికితే, ఇది 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. అందుకే ఒకవైపు రక్తం తగ్గిపోతుంది, మరోవైపు సన్నని నాళాలు మూసుకుపోతాయి.

శరీరం బరువులో మెదడు 2 శాతమే. కానీ మనం తీసుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. ఆ సరఫరాకు పదేపదే కొరత పడితే మెదడు లోపలి భాగాల్లో చిన్నచిన్న చోట్ల కణజాలం చచ్చిపోతుంది. చెయ్యి పడిపోదు, మూతి వంకర పోదు. ఎంఆర్‌ఐ తీస్తే తప్ప ఆ మచ్చలు కనబడవు. వైద్యులు దీన్ని సైలెంట్ స్ట్రోక్ అంటారు. పక్షవాతం ఎన్నడూ రాని సికిల్ సెల్ రోగుల్లోనూ ఆలోచనావేగం, జ్ఞాపకశక్తి తగ్గినట్టు 2010లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. రక్తహీనత ఎక్కువున్నవారిలో ఆ తగ్గుదలా ఎక్కువే.

మన దేశంలోని రోగుల్లో చాలామందికి పసితనపు హీమోగ్లోబిన్ పెద్దయ్యాకా ఎక్కువగానే నిలిచి ఉంటుంది. అది కొంత రక్షణ ఇస్తుంది కాబట్టి, కొందరు జబ్బు బయటపడేసరికే పెద్దవాళ్లయిపోతారు. గర్భం దాల్చినప్పుడో, ఆపరేషన్‌కు ముందు రక్తపరీక్ష చేసినప్పుడో విషయం తెలుస్తుంది. ఈలోగా చెప్పిన పని మరిచిపోయే యువకుడికి, లెక్క తేల్చడానికి ఆలస్యమయ్యే అమ్మాయికి మొద్దు అనో, సోమరి అనో ముద్ర పడిపోతుంది. అది చాలా అన్యాయం.

కేంద్ర ప్రభుత్వం 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. తొలి పరీక్షకు వేలి నుంచి తీసిన రక్తపు చుక్క చాలు. జబ్బు ఉందని తేలితే హైడ్రాక్సీయూరియా మందుతో నొప్పులు తగ్గుతాయి, హీమోగ్లోబిన్ పెరుగుతుంది. మీ ఇంట్లో ఎవరికైనా రక్తహీనతతో పాటు మతిమరుపు, మందకొడితనం కనిపిస్తే తిట్టకండి, పరీక్ష చేయించండి. జన్యులోపం ఇద్దరి నుంచీ అందితేనే బిడ్డకు జబ్బు వస్తుంది కాబట్టి, పెళ్లి సంబంధం ఖాయం చేసుకునే ముందు ఇద్దరికీ చేయించండి.