ఫ్రెంచ్‌లో ఎంఏ: డిగ్రీ అయ్యాక ఆలోచిస్తే ఆలస్యమే

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది: "మా అమ్మాయి బీకాం పూర్తి చేసింది, ఫ్రెంచ్‌లో ఎంఏకి పంపవచ్చా?" పంపవచ్చు. అయితే ఈ ప్రశ్న బీకాం మొదటి ఏడాదిలోనే రావాలి. ఎంఏ అంటే ఫ్రెంచ్ నేర్పే కోర్సు కాదు. ఫ్రెంచ్ వచ్చినవారికి సాహిత్యం, భాషాశాస్త్రం, అనువాదం, బోధన పద్ధతులు చెప్పే రెండేళ్ల కోర్సు. పాఠాలు, పరీక్షలు, చివర రాసే సిద్ధాంత వ్యాసం దాదాపు అంతా ఫ్రెంచ్‌లోనే.

బీఏలో ఫ్రెంచ్ ప్రధానాంశంగా చదివినవారికి దారి సులువు. ఇతర డిగ్రీలవారిని చాలా విశ్వవిద్యాలయాలు అడ్వాన్స్‌డ్ డిప్లొమా గానీ, డెల్ఫ్ బీ2 వంటి ధ్రువపత్రం గానీ అడుగుతాయి. నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చదవందే ఫీజు కట్టవద్దు.

డెల్ఫ్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఫ్రాన్స్ విద్యాశాఖ పేరిట ఇచ్చే ఈ ధ్రువపత్రంలో ఏ1, ఏ2, బీ1, బీ2 అని నాలుగు మెట్లు. ఆ పైన డాల్ఫ్ సీ1, సీ2. వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం ఒక్కోటి 25 మార్కులకు. మొత్తం 100కి 50 రావాలి, ఏ ఒక్క దానిలోనూ 5కు తగ్గకూడదు. కింది మెట్ల పరీక్షలు రాయకుండా నేరుగా బీ2 రాయవచ్చు. ధ్రువపత్రానికి కాలపరిమితి లేదు. సున్నా నుంచి బీ2 చేరడానికి సుమారు 500 నుంచి 600 గంటల తరగతులు పడతాయి. వారానికి నాలుగు గంటలైతే రెండున్నరేళ్లు దాటుతుంది. బీకాం మొదటి ఏడాది అన్నది అందుకే.

ఇంటర్‌లోనో పీయూసీలోనో రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకుని 95 తెచ్చుకున్న పిల్లలు మన ఇళ్లలో చాలామందే. మార్కుల కోసం తెలుగును వదిలి తీసుకున్నవారూ ఉన్నారు, అది వేరే బాధ. ఆ 95 చూసి బీ2 వచ్చేసిందనుకోవద్దు. ఆ పుస్తకాలు ఎక్కువగా ఏ1, ఏ2 దగ్గరే ఆగుతాయి.

తరగతులకు చెన్నై, బెంగళూరు, పుణె, ముంబై, హైదరాబాద్, పుదుచ్చేరిలలో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది. ఒడిశాలోని మనవారు ఆన్‌లైన్‌లో నేర్చుకోవచ్చు గానీ, డెల్ఫ్ రాయడానికి పరీక్షా కేంద్రానికి వెళ్లక తప్పదు. ప్రయాణ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, ఢిల్లీలోని జేఎన్‌యూ సీయూఈటీ-పీజీ ద్వారా చేర్చుకుంటున్నాయి. ఆ పరీక్ష ఇటీవలి ఏళ్లలో మార్చిలో జరుగుతోంది, అంటే దరఖాస్తు చివరి సెమిస్టర్ పరీక్షలకు ముందే వేయాలి. హైదరాబాద్ ఇఫ్లూలో, మద్రాసు, ముంబై, పుణె విశ్వవిద్యాలయాల్లో కూడా ఎంఏ ఉంది.

యానాం సంగతి ప్రత్యేకం. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉండి, 1962లో చట్టరీత్యా భారత్‌లో కలిసిన ఊరు. తాతల నాటి ఫ్రెంచి కాగితాలు, ఇంట్లో నాలుగు ఫ్రెంచి మాటలు ఉన్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అవి ప్రవేశానికి అర్హత కావు, అక్కడా ధ్రువపత్రమే అడుగుతారు. పైగా పుదుచ్చేరి క్యాంపస్ 800 కిలోమీటర్లకు పైగా దూరం, హాస్టల్ ఖర్చు ముందే చూసుకోవాలి.

అసలు ఎంఏ ఎందుకో కూడా ఇంట్లో మాట్లాడుకోండి. కాలేజీ లెక్చరర్ కావాలంటే ఎంఏలో 55 శాతం, ఆపైన నెట్ కావాలి. రిజర్వేషన్ వర్గాలకు 50 శాతం చాలు. అనువాదమో, కంపెనీలో ఫ్రెంచ్ కస్టమర్లతో మాట్లాడే ఉద్యోగమో అయితే చాలాచోట్ల బీ2తోనే తీసుకుంటారు, రెండేళ్లు, హాస్టల్ ఫీజు మిగులుతాయి.