క్షయ ఉన్నా తల్లిపాలు మాన్పించనక్కర లేదు

బాలింతకు క్షయ అని తేలగానే కొన్ని కుటుంబాలు బిడ్డకు పాలు మాన్పిస్తాయి. ఈ భయానికి ఆధారం లేదు. ఊపిరితిత్తుల క్షయ దగ్గు తుంపరలతో గాలిలో వ్యాపిస్తుంది. పాల ద్వారా కాదు. తొలి 6 నెలలు శిశువుకు తల్లిపాలే సంపూర్ణ ఆహారం.

ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ వంటి మందులు పాలలోకి స్వల్పంగానే చేరతాయి. ఆ కొద్దిపాటి మందు బిడ్డకు హాని చేయదు, రక్షణకూ చాలదు. అందుకే శిశువుకు వ్యాధి లేదని నిర్ధారించుకున్నాక, వైద్యులు నివారణ మందు విడిగా ఇస్తారు.

పాలిచ్చేటప్పుడు తల్లి మాస్కు ధరించాలి. గదిలోకి గాలి, వెలుతురు ధారాళంగా రావాలి. రొమ్ముకు క్షయ సోకినా, వ్యాధి మందులకు లొంగకున్నా వైద్యుని సలహా తప్పనిసరి.

ప్రభుత్వ ఆసుపత్రులలో క్షయ మందులు ఉచితం. బిడ్డ కోసమని తల్లి వాటిని మధ్యలో మానితే ముప్పు ఇద్దరికీ.