చెరువు వేడి చెప్పిన రహస్యం

యాసంగిలో సాగర్ ఎడమ కాలువ నీరు పారే రోజుల్లో, త్రిపురారం పొలాల్లో మిట్టమధ్యాహ్నం చెప్పులు లేకుండా నడిచారా? బీడునేల అరికాళ్లను చుర్రుమనిపిస్తుంది. పక్కనే వరిమడిలో కాలు పెడితే హాయిగా ఉంటుంది. తెల్లవారుజామున ఇది తారుమారవుతుంది. నేల త్వరగా చల్లారిపోతుంది. నీరు తన వేడిని అంత తేలిగ్గా వదలదు. ఈ తేడాను వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఉపగ్రహం పసిగట్టగలదు. ఎలాగంటారా?

కమ్మరి కొలిమిలోంచి తీసిన గడ్డపార మొన ఎర్రగా వెలుగుతుంది. కాసేపటికి ఎరుపు పోతుంది. అయినా చెయ్యి దగ్గర పెడితే సెగ తగులుతుంది కదా! కంటికి కనపడని ఆ సెగే పరారుణ కిరణాలు. గడ్డపారే కాదు, మీ బల్ల, మీ పుస్తకం, చివరికి మంచుగడ్డ కూడా వీటిని వెదజల్లుతూనే ఉంటాయి. 27 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉన్న వస్తువు నుంచి సుమారు 10 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలు బలంగా వస్తాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. మబ్బు లేనప్పుడు మన వాతావరణం 8 నుంచి 14 మైక్రాన్ల కిరణాలను చాలావరకు పైకి పోనిస్తుంది. ఆ కిటికీలోంచే ఉపగ్రహం మనల్ని చూస్తుందన్నమాట. చిత్రాల్లో కనిపించే ఎరుపు, నీలం రంగులు మాత్రం మనం పూసినవే సుమా!

ఇక అసలు సంగతి. బొగ్గుతో గాని, అణుశక్తితో గాని విద్యుత్తు తయారుచేసేటప్పుడు పుట్టిన వేడిలో సగానికి పైగా వృథాగా నీటిలోకో, గాలిలోకో పోక తప్పదు. గోడలు కట్టినా, కాపలా పెట్టినా ఆ వేడిని దాచలేరు.

1986 ఏప్రిల్ 26న, అప్పటి సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రంలో నాలుగో రియాక్టరు పేలింది. ప్రభుత్వం పెదవి విప్పలేదు. 28న స్వీడన్‌లో రేడియోధార్మిక ధూళి బయటపడ్డాక, ఆ సాయంత్రం క్లుప్తంగా ఒక ప్రకటన చేసింది. మిగతా మూడు రియాక్టర్లు నడుస్తున్నాయా, ఆగాయా? బయటివాళ్లు లోపలికి పోయి చూసే వీలు లేదు.

29న 705 కిలోమీటర్ల ఎత్తున అమెరికా ఉపగ్రహం లాండ్‌శాట్-5 ఆ ప్రాంతం మీదుగా సాగిపోయింది. ఆ కేంద్రం పక్కన సుమారు 22 చదరపు కిలోమీటర్ల చెరువు ఉంది. మామూలు రోజుల్లో రియాక్టర్లను చల్లబరచిన వేడినీరు అందులోకి వచ్చి, చుట్టూ తిరుగుతూ చల్లారేది. పాత చిత్రాల్లో ఆ వేడి ధార స్పష్టంగా ఉంది. ఈసారి అది లేదు! రియాక్టర్లన్నీ ఆగిపోయాయని చెరువే చెప్పింది. పేలిన భవనం దగ్గర మాత్రం విపరీతమైన వేడి చుక్క ఒకటి కనిపించింది.

ఈ కన్నుకు లోపాలూ ఉన్నాయి. లాండ్‌శాట్-5 వేడి చిత్రంలో ఒక్కొక్క చుక్క 120 మీటర్ల చదరం. అంత స్థలానికీ ఒకే ఉష్ణోగ్రత చూపిస్తుంది. మనిషి దానికి ఆనడు. మబ్బు పడితే కింద ఏముందో తెలియదు. పైగా, అది ఒకే చోటికి మళ్లీ రావడానికి 16 రోజులు పట్టేది.

పగటి ఎండ ఇంకో చిక్కు. త్రిపురారానికి దూరం కాని దామరచర్ల మండలంలో, 800 మెగావాట్ల యూనిట్లు అయిదింటితో యాదాద్రి విద్యుత్ కేంద్రం కట్టారు. మిట్టమధ్యాహ్నం అక్కడి రేకుల కప్పులూ, కాంక్రీటూ, చుట్టుపక్కల రాతినేలా అన్నీ కాలుతూనే ఉంటాయి. వాటిలో యంత్రాల వేడి ఏదో తేల్చడం కష్టం. అందుకే ఇలాంటి చోట్లకు నిపుణులు రాత్రి తీసిన చిత్రాలను ఇష్టపడతారు. తెల్లవారేసరికి ఎండ వేడి చాలావరకు దిగిపోతుంది. అప్పటికీ వేడిగా మిగిలిన చోట ఏదో పని జరుగుతూ ఉండవచ్చు.