నిప్పునే విషం దగ్గరికి తెస్తే

2025 జనవరి 1 రాత్రి భోపాల్‌లోని పాత యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి 12 కంటైనర్ లారీలు పోలీసు బందోబస్తుతో బయల్దేరాయి. 1984 గ్యాస్ దుర్ఘటన నాటి నుంచీ అక్కడే మూలుగుతున్న 337 టన్నుల విషవ్యర్థాలను దాదాపు 250 కిలోమీటర్ల అవతలి పీథంపూర్‌కు చేర్చాయి. ఆ విషం తమ ఊరికెందుకంటూ జనం రోడ్డెక్కారు. చివరికి హైదరాబాద్ సంస్థ రీ సస్టైనబిలిటీకి చెందిన ప్లాంటులో జూన్ నెలాఖరుకు కాల్చడం ముగిసింది.

విషాన్ని ఊళ్లు దాటించకుండా కొలిమినే దాని దగ్గరికి తీసుకెళ్లొచ్చు. అదే మొబైల్ ఇన్సినరేటర్. భాగాలుగా ట్రైలర్ల మీద తెచ్చి బిగిస్తారు, పనయ్యాక విప్పుకుపోతారు.

చాలావాటిలో ప్రధాన భాగం కాస్త వాలుగా పడుకోబెట్టిన పెద్ద ఉక్కు గొట్టం. అది మెల్లగా తిరుగుతుంటే ఒక కొసన పోసిన మట్టి దొర్లుతూ, కాలుతూ రెండో కొసకు జారుతుంది. పొగ పక్క గదిలోకి వెళుతుంది. మన దేశ నిబంధనల ప్రకారం అక్కడ 1,100 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కనీసం 2 సెకన్లు ఉండాలి. ఆ వెంటనే నీటి జల్లుతో చల్లార్చాలి. నిదానంగా చల్లారితే డయాక్సిన్లనే విష రసాయనాలు మళ్లీ పుట్టుకొస్తాయి.

అమెరికాలోని టైమ్స్ బీచ్‌లో 1970లలో దుమ్ము లేవకుండా వీధుల్లో చల్లిన వ్యర్థ నూనెలో డయాక్సిన్ ఉంది. ఊరే ఖాళీ అయింది. 1996-97లో అక్కడ తాత్కాలిక ఇన్సినరేటర్ కట్టి, చుట్టుపక్కల ప్రాంతాలతో కలిపి 27 చోట్ల నుంచి తవ్విన దాదాపు 2,65,000 టన్నుల మట్టిని కాల్చారు. 1999లో ఆ స్థలం పార్కుగా తెరుచుకుంది.

మరి డెల్టాలోని భీమవరంలో కలుషితమైన యనమదుర్రు డ్రెయిన్ పూడికకు ఇదే మందు పనిచేస్తుందా? కష్టమే. తడి బురదను కొలిమిలో వేస్తే ఇంధనంలో పెద్ద వాటా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. పైగా నిప్పు పురుగుమందులను, నూనెలను విరగ్గొడుతుందే గానీ లోహాలను ఏమీ చేయలేదు. సీసం చాలావరకు బూడిదలో మిగులుతుంది, పాదరసం పొగతో లేచిపోతుంది. అందుకే ముందు బురదను పరీక్షించి, అందులో ఏముందో తేల్చాలి.

పీథంపూర్‌లో సున్నం వగైరా కలవడంతో మిగిలిన అవశేషం 800 టన్నులు దాటింది. కాల్చిన దానికి రెట్టింపు పైమాటే! డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్లు పడే నేలలో అలాంటి బూడిదను పూడ్చడం ప్రమాదం. విశాఖ దగ్గరి పరవాడలో ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే కేంద్రం ఉంది. కొలిమి భీమవరానికి వచ్చినా, బూడిద లారీలు మాత్రం 200 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాల్సిందే.