పేగులో పొత్తు చెడితే...

రక్తం, జిగటతో విరేచనాలు మొదలైతే మీరు ముందుగా దేన్ని అనుమానిస్తారు? అమీబానే కదా! మందులషాపుకెళ్ళి నాలుగు మాత్రలు కొని వేసుకుంటారు. ఒక్కోసారి ఆ అనుమానం నిజం కావచ్చు. కాని వారాలు గడిచినా తగ్గకుండా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెడుతూ, మనిషి చిక్కిపోతూ ఉంటే? అప్పుడు ఆలోచించాల్సిన జబ్బు మరొకటి ఉంది. దాని పేరు ఇన్‌ఫ్లమేటరీ బవెల్ డిసీజ్, క్లుప్తంగా ఐ.బి.డి. తెలుగులో దీర్ఘకాలిక పేగువాపు అనుకోవచ్చు.

ఇందులో ముఖ్యమైన రకాలు రెండు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలిపొరలో పుండ్లు పుట్టిస్తుంది. క్రోన్స్ వ్యాధి నోటినుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రావచ్చు. పేగుగోడ లోపలి పొరల్లోకి పాకిపోతుంది. ఇవి పాశ్చాత్య దేశాల జబ్బులని ఒకప్పుడు అనుకునేవారు. అయితే 2003లో ప్రచురితమైన పంజాబ్ సర్వేలో లక్షమందికి సుమారు 44 మంది చొప్పున అల్సరేటివ్ కొలైటిస్ రోగులున్నట్లు తేలింది.

మరి దీనికి కారణమైన క్రిమి ఏది? కలరాకు ఒకటి, టైఫాయిడ్‌కు ఒకటి ఉన్నట్లే దీనికీ ఒకటి ఉండాలని శాస్త్రజ్ఞులు చాలాకాలం వెతికారు. అందరిలోనూ కనిపించే అలాంటి నేరస్థుడు దొరకలేదు. అసలు ఆధారాలు మరోవైపునుంచి వచ్చాయి.

చిట్టెలుకలు చెప్పిన సాక్ష్యం

మన రక్షణవ్యవస్థకు దాడిచేసే శక్తితోపాటు, ఆ దాడిని అదుపులో పెట్టే పగ్గాలు కూడా ఉంటాయి. ఇంటర్‌ల్యూకిన్-10 అనే పదార్థం అలాంటి పగ్గం. ఇది తయారుకాని చిట్టెలుకలకు పేగువాపు వస్తుందని 1993లో కనుగొన్నారు. ఇదే రకం చిట్టెలుకలను ఒక్క సూక్ష్మజీవి కూడా చొరబడని గదుల్లో పెంచితే వాపు రాలేదు! వాటి పేగుల్లోకి మామూలు బాక్టీరియాను ప్రవేశపెట్టగానే జబ్బు మొదలైందని 1998లో వెల్లడైంది. అవే బాక్టీరియా ఆరోగ్యంగా ఉన్న చిట్టెలుకల్లో ఏ హానీ చేయలేదు.

మనుషుల్లోనూ ఇలాంటి ఆధారమే ఉంది. బెల్జియం వైద్యులు 1991లో ప్రచురించిన పరిశీలన చూడండి. క్రోన్స్ రోగుల్లో చెడిన పేగుముక్కను తీసేసి కొసలు కలిపి కుట్టారు. అయిదుగురిలో మాత్రం ఆ కుట్టుదాకా మలం చేరకుండా, పైభాగంలోనే పొట్టమీద రంధ్రంచేసి బయటికి మళ్ళించారు. ఆరునెలలైనా వారికి వాపు తిరగబెట్టలేదు. పాతదారి తెరిచిన ఆరునెలలకు అయిదుగురికీ తిరిగి వచ్చింది.

అంటే పేగులో ప్రవహించే పదార్థానికీ వాపుకూ సంబంధం ఉందన్నమాట. ఆ పదార్థంలో బాక్టీరియాదే పెద్దపాలు.

కాపలాదారుల పొరపాటు

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉన్నాయని అంచనా. వీటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటాయి. మనకు అరగని పీచుపదార్థాన్ని అవి పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని ఇస్తాయి. పెద్దపేగు లోపలిపొర కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. మనం చోటిస్తాం, అవి తిండిపెడతాయి. మధ్యలో జిగురుపొర సరిహద్దుగోడలా నిలుస్తుంది.

ఈ గోడ పలుచబడినా, రక్షణవ్యవస్థ పగ్గాలు సడలినా పొత్తు చెడుతుంది. కాపలాదారులు ఇంట్లోవాళ్ళనే దొంగలనుకుని విరుచుకుపడతారు. ఆ దెబ్బలకు దొంగ సంగతేమోగాని ఇల్లు కూలుతుంది. బ్యూటిరేట్‌నిచ్చే ఫీకాలిబాక్టీరియం వంటి మేలుచేసే జాతులు క్రోన్స్ రోగుల్లో తగ్గిపోతాయని 2008లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు చూపారు. అవి తగ్గడంవల్ల వాపు వచ్చిందా, వాపువల్ల అవి తగ్గాయా? చెట్టు ముందా, విత్తు ముందా అన్న ప్రశ్నలాంటిదే ఇదీ.

మనం తెలుసుకోవలసింది

బాక్టీరియాకు పాత్ర ఉంది కనుక యాంటీబయాటిక్స్‌తో అన్నిటినీ చంపేస్తే సరిపోతుందా? సరిపోదు. మేలుచేసేవీ వాటితో పోతాయి. మరి మంచివాటిని తెచ్చి నింపితే? ఆరోగ్యవంతుల మలాన్ని శుద్ధిచేసి రోగుల పేగులోకి ఎక్కించిన కెనడా ప్రయోగంలో (2015) 38 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో 9 మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. ఉత్త నీరు ఎక్కించిన 37 మందిలో ఇద్దరికే. విశేషమేమిటంటే, ఆ తొమ్మిదిమందిలో ఏడుగురు ఒకే దాత మలాన్ని పొందినవారు! దీన్ని సొంతంగా ప్రయత్నించడం మాత్రం ప్రాణాంతకం. దాత మలంద్వారా చేరిన మొండి బాక్టీరియావల్ల ఒక రోగి మరణించడంతో 2019లో అమెరికా ప్రభుత్వం హెచ్చరిక జారీచేసింది.

మనదేశంలో ఇంకొక చిక్కుంది. పేగుల క్షయ చూడటానికి అచ్చం క్రోన్స్ వ్యాధిలాగే ఉంటుంది. క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు వాడితే క్షయ విజృంభిస్తుంది. క్షయ అనుకుని నెలల తరబడి మందులు మింగితే క్రోన్స్ ముదిరిపోతుంది. కొలనోస్కోపీ చేసి, పేగునుంచి చిన్నముక్క తీసి పరీక్షించడం అందుకే అవసరం.

కాబట్టి రక్తవిరేచనాలు వారాల తరబడి సాగుతున్నా, బరువు తగ్గుతున్నా, విరేచనానికి రాత్రిళ్ళు నిద్రలోంచి లేవాల్సి వస్తున్నా మందులషాపు దగ్గర ఆగిపోకండి. జీర్ణకోశ వైద్యుణ్ణి కలవండి. జబ్బు ఐ.బి.డి. అని తేలితే, కాస్త నెమ్మదించగానే మందులు మానేయకండి. పైకి నెమ్మదించినా, లోపల చెడిన పొత్తు అంత త్వరగా కుదుటపడదు.