గోదారి జబ్బుకు గోదారి మందు

ద్రాక్షారామంలో భీమేశ్వరుడి గుడి పక్కనున్న కోనేటిని సప్తగోదావరి అంటారు. సప్తరుషులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చారని స్థలపురాణం. ఆ ఏడింటిలో తుల్యభాగ ఒకటి. ఇవాళ ఆ పేరు మిగిలింది ఒక మురుగుకాలువకి. ఇరిగేషన్‌ లెక్కల్లో అది తుల్యభాగ డ్రెయిన్‌. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా ఊళ్లకు కరువు బాధ తప్పింది, పంట పండింది, ఊళ్లు పెరిగాయి. ఊళ్లతోపాటు వాడకపు నీళ్లూ పెరిగాయి. పొలానికి నీళ్లు తెచ్చే పని ఎంత పకడ్బందీగా జరిగిందో, ఇళ్ల నుంచి మురుగు బయటికి పంపే పని అంత పకడ్బందీగా జరగలేదు. నిలిచిన మురుగులోంచి దోమ లేచింది. దోమతో బోదకాలు వచ్చింది.

గోదావరి జిల్లాల్లో పెద్దతరం వాళ్లకు ఈ జబ్బును పరిచయం చేయక్కర్లేదు. పంచె అంచు కింద దాచుకున్న కాలు, చెప్పు పట్టని పాదం, నాట్ల వేళకు సరిగ్గా వచ్చి మంచాన పడేసే చలిజ్వరం, మగవాళ్లలో ఎవరికీ చెప్పుకోలేని వరిబీజం. ప్రాణం తీయదు గాబట్టి వార్తకెక్కదు. కూలి పోతుంది, సంబంధాలు తప్పిపోతాయి, మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు.

బయోటెక్నాలజీ అనగానే మనకు హైదరాబాద్‌ జీనోమ్‌ వ్యాలీ, టీకాల కంపెనీలు గుర్తొస్తాయి. ఆ పేరు వాటికి తగినదే. అయితే పరిశ్రమ, పర్యావరణం, ఆరోగ్యం మూడూ ఒకే జబ్బు చుట్టూ ఎలా కలిసి పనిచేయాలో చూడాలంటే బోదకాలు కథ చదవాలి. ఆ కథకు నడిమధ్యలో ఉన్నవాడు భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్నవాడు.

నూలుపోగు లాంటి పురుగు

బోదకాలుకు, అంటే ఫైలేరియాకు, కారణం ఊకరేరియా బాంక్రాఫ్టి అనే పురుగు. దారంలా సన్నగా, ఆడపురుగైతే ఎనిమిది పది సెంటీమీటర్ల పొడవుంటుంది. మన శోషరస నాళాల్లో గూడు కట్టుకుని ఏళ్ల తరబడి బతుకుతుంది. లక్షల కొద్దీ కంటికి కనపడని పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. వాటిని మైక్రోఫైలేరియా అంటారు. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్‌ వాటిని మనిషి రక్తంలో చూశాడు. 1877లో చైనాలో పాట్రిక్‌ మాన్సన్‌ అవి దోమ కడుపులో పెరుగుతాయని కనిపెట్టాడు. ఒక జబ్బుకూ దోమకూ సంబంధం ఉందని లోకానికి తెలిసింది అప్పుడే. మలేరియా సంగతి తేలింది ఆ తర్వాత ఇరవై ఏళ్లకి.

ఈ పిల్లపురుగులకు ఒక విచిత్రమైన అలవాటుంది. పగలు ఊపిరితిత్తుల లోతట్టు రక్తనాళాల్లో దాక్కుంటాయి, అర్ధరాత్రి వేళ చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. క్యూలెక్స్‌ దోమ, ఈ జబ్బును మోసేది, కుట్టేదీ ఆ వేళకే. అందుకే ఫైలేరియా సిబ్బంది రాత్రి పది దాటాక టార్చిలైట్లు, గాజుపలకలు పట్టుకుని తలుపు తట్టేవాళ్లు. నిద్రమత్తులో ఉన్న మనిషి వేలు సూదితో పొడిచి మూడు చుక్కల రక్తం తీయడం ఎవరికి ఇష్టం? జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లో మొదలైంది. ఆ పనికి మనుషుల్ని తయారుచేయడానికి, పరిశోధన చేయడానికి దేశంలో పెట్టిన ప్రాంతీయ కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలో ఉంది. గోదావరి జిల్లాల్లో ఈ జబ్బు ఎంత పాతుకుపోయిందో చెప్పడానికి ఆ కేంద్రం ఉండటమే చాలు.

భీమవరం నుంచి పెర్ల్‌ రివర్‌ దాకా

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. అన్నదమ్ముల్లో ఇద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో రోజుల తేడాలో పోయారు. తానూ ఆ జబ్బు పడి లేచారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి కోపానికి గురై, పూర్తి పట్టా బదులు తక్కువ స్థాయి పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1920ల తొలినాళ్లలో అమెరికా వెళ్లడానికి మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి డబ్బు సమకూర్చారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్‌ ధర్మసంస్థ సాయం చేస్తామని మాటిచ్చింది. రంగూన్‌లో సంపాదించిన సొమ్మును సొంత సీమలో చదువులకు రాసిచ్చిన మహానుభావుడు సత్యలింగ నాయకర్‌. ద్రాక్షారామం నుంచి కాకినాడ సుమారు ముప్ఫై కిలోమీటర్లు. ప్రపంచానికి ఫోలిక్‌ ఆమ్లం, మెథోట్రెక్సేట్‌, ఆరియోమైసిన్‌ అందించిన ప్రయోగశాల వెనక ఈ డెల్టా దాతృత్వం ఉందని మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉండాలి.

హార్వర్డ్‌లో సైరస్‌ ఫిస్కేతో కలిసి కండరాల్లో శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌, ఏటీపీల మీద చేసిన పని ఆయనకు శాస్త్రవేత్తల్లో పేరు తెచ్చింది. 1940లో న్యూయార్క్‌ రాష్ట్రం పెర్ల్‌ రివర్‌లోని లెడర్లే కంపెనీలో చేరి, పరిశోధన విభాగాన్ని నడిపించారు. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. పసిఫిక్‌ దీవుల్లో ఉన్న అమెరికన్‌ సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా పాలయ్యారు. మందు కావాలి.

మందు దొరికిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాటన్‌ ర్యాట్‌ అనే ఎలుకల్లో ఫైలేరియా జాతి పురుగు ఒకటి సహజంగానే ఉంటుంది. లెడర్లే బృందం ఒక్కో రసాయనాన్నీ ఆ ఎలుకలకిచ్చి రక్తంలో పురుగులు తగ్గాయా అని చూస్తూ పోయింది. అలా పైపెరజీన్‌ కుటుంబానికి చెందిన డైఇథైల్‌కార్బమజీన్‌ (డీఈసీ) బయటపడింది. 1947లో హ్యూయిట్‌, సుబ్బారావు, సహచరులు ఆ ఫలితాలు ప్రచురించారు. అమ్మకపు పేరు హెట్రజాన్‌. ఈ మందును పరీక్షనాళికలో పిల్లపురుగుల మీద పోస్తే పెద్దగా ఏమీ జరగదు. ఒంట్లోకి వెళితేనే, మన రక్షణ కణాలు పురుగుల్ని పట్టి చంపేలా చేస్తుంది. గాజునాళికల్లో వడపోత మొదలుపెట్టి ఉంటే దీన్ని పనికిరాని పొడి అని పక్కన పడేసేవాళ్లు. జబ్బును బతికున్న ఒంట్లోనే చూడాలన్న పద్ధతి వల్ల ఈ మందు నిలిచింది.

సుబ్బారావు 1948 ఆగస్టులో 53 ఏళ్లకే కన్నుమూశారు. ఆ మందు ఆయన పుట్టిన గడ్డకు తిరిగొచ్చింది. అంతేకాదు, ఇక్కణ్ణుంచే బయటికీ వెళ్తోంది. విశాఖపట్నం పరవాడ ఫార్మాసిటీలో జపాన్‌ కంపెనీ ఎయిసాయ్‌ ఈ మాత్రలు తయారుచేస్తోంది. 2013లో వాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ నాణ్యతా గుర్తింపు వచ్చింది. 220 కోట్ల మాత్రలు ఉచితంగా ఇస్తామని ఆ కంపెనీ మాటిచ్చింది. ఆఫ్రికాలోనో, పసిఫిక్‌ దీవుల్లోనో ఒక పిల్లవాడు మింగే మాత్ర మన ఉత్తరాంధ్ర కార్మికుల చేతుల మీదుగా వెళ్లినదై ఉండొచ్చు.

"మాకు జబ్బు లేదు కదమ్మా"

మాత్ర ఉన్నంత మాత్రాన జబ్బు పోదు. 2004 నుంచి దేశమంతా ఫైలేరియా జిల్లాల్లో ఏడాదికోసారి ఊరందరికీ మందు మింగించే కార్యక్రమం పెట్టారు. 2007 నుంచి నులిపురుగుల మందు ఆల్బెండజోల్‌ కూడా జతచేశారు. పెద్దవాళ్లకు మూడు డీఈసీ మాత్రలు, ఒక ఆల్బెండజోల్‌. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడి ఉన్నవాళ్లకు ఇవ్వరు. ఊళ్లో వందమందిలో కనీసం 65 మంది, వరసగా అయిదేళ్లయినా మింగితేనే పురుగు తరం తెగుతుంది.

చిక్కంతా ఇక్కడే. ఆశా కార్యకర్త గుమ్మంలోకి రాగానే "మాకు జబ్బు లేదు కదమ్మా, మందెందుకు?" అని అడుగుతారు. "అక్కడ పెట్టి వెళ్లండమ్మా, భోంచేశాక వేసుకుంటాం" అంటారు. అలా పెట్టిన మాత్రలు చాలాచోట్ల కిటికీలోనే ఉండిపోతాయి. కిందటేడు మింగినవాళ్లకు జ్వరం, తలనొప్పి వచ్చాయన్న భయం ఒకటి. నిజానికి ఆ జ్వరం చాలావరకు చచ్చిన పురుగుల వల్ల వచ్చేది. ఒంట్లో పురుగులున్నవాడికే ఎక్కువగా వస్తుంది. ఈ ఒక్క మాట ఓపిగ్గా వివరించగలిగితే భయమే నమ్మకంగా మారుతుంది. ఎదురుగా నిలబడి మింగించాలన్న నియమం పెట్టింది అందుకే. ఏ ప్రయోగశాలా చేయలేని పని అది. ఆశా కార్యకర్తలు ఎండలో తిరిగి చేస్తున్నారు, వాళ్లకు దక్కుతున్నది చాలా తక్కువ.

2018 నుంచి కొన్ని జిల్లాల్లో మూడో మందు ఐవర్‌మెక్టిన్‌ కూడా ఇస్తున్నారు. ఇది అచ్చంగా మట్టి నుంచి వచ్చినది. జపాన్‌లో సతోషి ఒమురా సేకరించిన మట్టిలోని స్ట్రెప్టోమైసిస్‌ సూక్ష్మజీవిని పెద్ద ట్యాంకుల్లో పులియబెట్టి తీసిన పదార్థం దానికి మూలం. ఆయనకూ, మెర్క్‌ కంపెనీలో దాన్ని మందుగా మలచిన విలియం క్యాంప్‌బెల్‌కూ 2015లో నోబెల్‌ ఇచ్చారు. మూడు మందులూ కలిపి ఒక్కసారి ఇచ్చి పాపువా న్యూ గినీలో చేసిన పరీక్షలో, నూటికి 96 మంది రక్తంలో మూడేళ్ల తర్వాత కూడా పిల్లపురుగులు కనిపించలేదు.

ఇక సుబ్బారావు బృందం తెచ్చిన మరో మందు సంగతి. మిస్సోరీ విశ్వవిద్యాలయం పొలంలోని మట్టి నుంచి బెంజమిన్‌ డగ్గర్‌ వేరుచేసిన బంగారు రంగు సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ వచ్చింది. టెట్రాసైక్లిన్‌ కుటుంబంలో అదే మొదటిది. 1948 జూలైలో, సుబ్బారావు పోవడానికి కొద్దిరోజుల ముందే ప్రకటించారు. దానికీ బోదకాలుకూ సంబంధం ఉందని అప్పుడెవరికీ తెలియదు. ఫైలేరియా పురుగు ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియా కాపురముంటుందనీ, అది లేకపోతే పురుగు పిల్లల్ని కనలేదు, ఎక్కువకాలం బతకలేదనీ తర్వాతి దశాబ్దాల్లో తేలింది. ఆ బ్యాక్టీరియాను చంపేది డాక్సీసైక్లిన్‌, అంటే టెట్రాసైక్లిన్ల ఇంటిపేరు మందే. నాలుగు నుంచి ఆరు వారాలు రోజూ వాడాలి, చిన్నపిల్లలకు, గర్భిణులకు కుదరదు గనక ఊరందరికీ పంచడానికి పనికిరాదు. ఒక్కో రోగికి వైద్యుడు రాసివ్వడానికి పనికొస్తుంది. ఒక మనిషి పర్యవేక్షణలో పుట్టిన రెండు మందుల వంశాలు ఒకే పురుగును రెండువైపుల నుంచి పట్టుకోవడం వైద్య చరిత్రలో అరుదు.

మురుగులో చల్లే సూక్ష్మజీవి

మనిషి ఒంట్లో పురుగు సంగతి అది. డ్రెయిన్‌లో దోమపిల్ల సంగతేంటి? రసాయన మందులకు దోమలు అలవాటు పడిపోయాయి, పైగా ఆ నీళ్లు చివరికి చేపల చెరువుల్లోకి, పొలాల్లోకి వెళ్తాయి.

1976లో ఇజ్రాయెల్‌ నెగెవ్‌ ఎడారిలో యోయెల్‌ మార్గలిత్‌ ఒక నీటిగుంటలో చచ్చిన దోమపిల్లల్ని చూసి వాటిలోంచి ఒక బ్యాక్టీరియాను వేరుచేశాడు. పేరు బాసిల్లస్‌ తురింజియెన్సిస్‌ ఇజ్రాయెలెన్సిస్‌, పొట్టిగా బీటీఐ. బీజం కట్టేటప్పుడు ఇది ప్రొటీన్‌ స్ఫటికాలు తయారుచేస్తుంది. దోమపిల్ల వాటిని మింగితే, దాని పేగులోని క్షారగుణానికి స్ఫటికం కరిగి పేగుగోడకు చిల్లులు పెడుతుంది. మన కడుపులో ఆమ్లం ఉంటుంది, ఆ ప్రొటీన్‌ పట్టుకునే గ్రాహకాలూ ఉండవు. చేపకూ పశువుకూ మనిషికీ హాని లేదు.

పుదుచ్చేరిలో 1975లో ఏర్పడిన వెక్టర్‌ కంట్రోల్‌ రీసెర్చ్‌ సెంటర్‌ మన దేశపు బీటీఐ రకాన్ని తయారుచేసి, పెంచే పద్ధతిని కంపెనీలకు అందించింది. ఇడ్లీపిండి పులిసినట్టే ఇదీ, కాకపోతే ఉక్కు ట్యాంకులో, గాలి, వేడి, పులుపు లెక్క తప్పకుండా. పెంపకానికి వేసే మేత ఖరీదైతే మందు ఖరీదవుతుంది, పంచాయతీ కొనలేదు. అందుకే సోయాపిండి లాంటి చవక సరుకు మీద పెంచే పరిశోధనలు జరిగాయి. బయోటెక్నాలజీలో కనిపెట్టడం ఎంత గొప్పో, చవగ్గా చేయడమూ అంతే గొప్ప.

చిక్కని మురుగులో బీటీఐ త్వరగా అడుగుకు దిగిపోతుంది. అక్కడ లైసినిబాసిల్లస్‌ స్ఫేరికస్‌ అనే దాని బంధువు మెరుగ్గా నిలుస్తుంది, క్యూలెక్స్‌ మీద బాగా పనిచేస్తుంది. దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో కొచ్చిలో తెలిసింది: అక్కడి క్యూలెక్స్‌ దానికి గట్టి నిరోధకత పెంచుకున్నట్టు 1995లో శాస్త్రవేత్తలు రాశారు. రెండింటినీ మార్చి మార్చి వాడాలి. కొనేటప్పుడు ఈ సంగతి తెలిసిన మనిషి మున్సిపాలిటీలో, పంచాయతీలో ఒకరైనా ఉండాలి.

దోమతోనే దోమను కొట్టిన ప్రయోగం కూడా ఈ క్యూలెక్స్‌ మీదే జరిగింది. 1967లో రంగూన్‌ దగ్గర ఓక్పో గ్రామంలో జర్మన్‌ శాస్త్రవేత్త హాన్స్‌ లావెన్‌, ఊరి ఆడదోమలతో జతకట్టినా గుడ్లు పొదగని వేరే రకం క్యూలెక్స్‌ మగదోమల్ని రోజూ వదిలి, ఆ ఊరి క్యూలెక్స్‌ను తుడిచిపెట్టేశాడు. గుడ్లు పొదగకపోవడానికి కారణం వోల్బాకియాయేనని తేలింది నాలుగేళ్ల తర్వాత.

వేలి చివర పది నిమిషాలు

అర్ధరాత్రి తలుపు తట్టే అవసరమూ తగ్గుతోంది. పెద్దపురుగు వదిలే ప్రొటీన్‌ను గుర్తుపట్టే ప్రతిరక్షకాలను ప్రయోగశాలలో తయారుచేసి, కాగితపు పట్టీ మీద పూశారు. పట్టపగలు వేలి నుంచి ఒక బొట్టు రక్తం, పది నిమిషాల్లో గీత. మందులు మింగించే రౌండ్లు పూర్తయిన చోట ఆరేడేళ్ల బడిపిల్లలకు ఈ పరీక్ష చేస్తారు. వాళ్లు పుట్టాక కూడా జబ్బు పాకుతోందా లేదా అన్నది వాళ్ల రక్తమే చెప్తుంది. దోమల్ని పట్టి నూరి పీసీఆర్‌తో పురుగు డీఎన్‌ఏ వెతికే పద్ధతీ ఉంది. దానికి మనిషి రక్తమే అక్కర్లేదు.

2027 నాటికి బోదకాలును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని భారతదేశం లక్ష్యం పెట్టుకుంది. ఇప్పటికే కాలు వాచినవాళ్లకు ఆ లక్ష్యంతో పనిలేదు. వాళ్లకు కావలసింది రోజూ సబ్బుతో పాదం కడుక్కుని, వేళ్ల సందులు పొడిగా తుడుచుకోవడం, పుండ్లు పడకుండా చూసుకోవడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుమీద పెట్టుకోవడం. జ్వరాల దాడులు బాగా తగ్గుతాయి. వరిబీజానికి ఆపరేషన్‌ ఉంది, ప్రభుత్వాసుపత్రిలో అడగాలి, సిగ్గుపడకూడదు.

ఇక డెల్టాలో ప్రతి ఇంటికీ చేతిలో ఉన్న పని ఒకటి. క్యూలెక్స్‌కు సెప్టిక్‌ ట్యాంకు కన్నా ఇష్టమైన చోటు లేదు. ట్యాంకు గాలిగొట్టం చివర దోమతెర గుడ్డ గట్టిగా కట్టాలి, మూత పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి. గుడ్డ చిరిగితే మార్చాలి. మందు మింగించేవాళ్లు వచ్చేలోపల ఈ పని అయిపోతే, ఆ ఏడాది మింగిన మాత్ర మరింత బాగా పనికొస్తుంది.