కుంచమును లీటరును

నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము: మన పెద్దలు ధాన్యము నిట్లు కొలిచెడివారు. ఇందలి మర్మము రెట్టింపు. రాశిని సగము, సగములో సగము చేయుట చదువు రానివానికిని సులభమే. కావున దీనిని మోటుపద్ధతి యనుట నాకు సమ్మతము కాదు. విద్యార్థులారా, పదిని రెండుమారులు సగము చేసి చూడుడు, భిన్నము వచ్చును!

అయితే ఒక యూరి కుంచము వేరొక యూరి కుంచమునకు సరిపోయెడిది కాదు. చిన్న కుంచముతో అప్పు పుచ్చుకొని పెద్ద కుంచముతో తీర్పవలసివచ్చిన రైతు నష్టపడెడివాడు. పద్దులో మాత్రము రెండుచోట్లను కుంచమనియే యుండెడిది. 1956లో మన దేశమున చట్టమైన మెట్రిక్ పద్ధతిలో లీటరనగా ఎల్లెడలను వేయి ఘన సెంటీమీటర్లే. మఱియు లీటరు నీటిని తూచినచో సుమారు కిలోగ్రాము. కుంచమునకును వీశెకును ఇట్టి సుళువైన లంకె లేదు.